౯౩వ పుట

బెల్లం మండీ వెనక
దస్తగిరి పాతపేపర్ల కొట్లో
తక్కెడ పళ్లెంలో బబులోను రాజులు,
అవతల రెండు కిలోల రాయి.

"పొట్లానికి పనికిరాదప్పా,
ఒక కాగితం కట్టి చూసినా, పెళపెళా పగిలింది.
ఊరికే ఎత్తుకోపో."
ఊరికే వద్దని ఇరవై ఇచ్చినాను.
నా చేతులు చూసుంటే
రెండువందలు అడిగుండేవాడు.

గ్రీమ్స్‌పేట గదిలో తువ్వాలు పరిచి విప్పినాను.
చెన్నపట్నం అచ్చు, ౧౮౫౭.
మాటల మధ్య సందు లేదు,
చెరకుబండ్ల ఎద్దుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అక్షరాలు.
నాలుగో వరుసలో ఒక 'క' తలకిందులు.
కూర్చినవాడు పోయినాడు, అచ్చేసినవాడు పోయినాడు,
అది ఇంకా శీర్షాసనంలోనే ఉంది.

రామబాణం పురుగొకటి
జలప్రళయం దగ్గర దూరి
ఏడు వంశాలు తిని
వెనకట్ట దగ్గర ప్రాణం విడిచింది.
ఇంత శ్రద్ధగా చరిత్ర చదివినవాడు
మా చిత్తూరులో ఇంకొకడు లేడు.

౯౨వ పుట చివర
"అంత నారాజు కత్తిదూసి"
౯౫లో ఇంకెవరికో పట్టాభిషేకం.
నడుమ కాగితం లేదు.

తెల్లారి పోతే దస్తగిరి గడ్డం గోక్కున్నాడు:
"అదా? బస్టాండు కాడ
బఠానీల నాగూరమ్మ కట్టలో పోయుంటాది."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం
పది రూపాయల పొట్లం.
గింజలు జేబులోకి వొంపి కాగితం చదువుతాను:
కరెంటు బిల్లు,
ఏడో తరగతి లెక్కలు, తప్పు కొట్టినవి,
ఎవరిదో మూత్రపరీక్ష.
రాజు లేడు.

పళ్లు కదులుతున్నాయి, మానలేను.
"సారుకి బఠానీలంటే ప్రాణం"
అంటుంది నాగూరమ్మ, పక్క పూలామెతో,
ఇంకో గుప్పెడు కొసరేస్తూ.

కొన్ని రాత్రులు అట్ట మూయను.
౯౨లో ఆయన
దూసిన కత్తితో అట్లే నిలబడి ఉంటాడు.
చెయ్యి నొప్పిపుట్టదా అనుకుంటాను.