రసమట్టం

లిఫ్టు ఒంటి మీద అట్టల చొక్కా ఇంకా విప్పలేదు.
మూడో అంతస్తు, పద్నాలుగో నంబరు.
బిల్డరు తరఫు కుర్రాడు యెరెమి
బూట్ల మీద తొడుక్కోమని నీలం ప్లాస్టిక్ సంచులిచ్చాడు.
నేను తొడుక్కున్నాను.
లుత్సీనా తొడుక్కోలేదు.
"నా ఇల్లు. బురదైతే నేనే తుడుచుకుంటా."

నిజానికి ఇంకా ఆమెది కాలేదు.
సంతకం పెట్టేదాకా బిల్డరుది,
పెట్టాక పాతికేళ్ళు బ్యాంకుది.
ఆఖరి వాయిదా నాటికి ఆమెకి డెబ్బై రెండు.

రెండేళ్ళ కింద ఆమె కొన్నది
పోజ్నాన్ ఊరి చివర నీళ్ళు నిలిచిన ఒక గొయ్యి.
ఇక్కడ జనం అనే మాటే అది:
"గొయ్యి కొన్నాం."
ట్రామ్ డ్యూటీ దిగినప్పుడల్లా కంచె దగ్గరికొచ్చి
గొయ్యి ఎంత ఎదిగిందో చూసుకుని పోయేదట.
గొయ్యి ఎదగడమేమిటని నేను నవ్వితే
"క్రేను వచ్చిన రోజు కేకు కూడా కోశాను,
ఒక్కదాన్నే" అంది.

లోపల తలుపుల్లేవు, నేలకి పలకల్లేవు.
గోడల్లోంచి వైర్లు
ఎవరో మాట మధ్యలో వదిలేసినట్టు వేలాడుతున్నాయి.
ఎముకలు బిల్డరువి,
చర్మం మనం కొనుక్కోవాలి.
గోడలకి చెవులుంటాయంటారు,
ఈ గోడలకింకా మొలవలేదు.
ఎవరూ ఎవర్నీ తిట్టని గాలి.
ఆరీ ఆరని సిమెంటు వాసన.

నా పని నేను మొదలుపెట్టాను.
టార్చి గోడకి ఆనించి అడ్డంగా కొడితే
నున్ననిదనుకున్నదంతా ఇసుకతిన్నెలు.
కిటికీ అద్దం మీద గీత.
బాల్కనీ తలుపు గొళ్ళెం పడదు.
స్నానాలగది గొట్టం మూతి వంకర.
యెరెమి ఒక్కోటీ రాసుకుంటూ నిట్టూర్చాడు.
ఏ నిట్టూర్పు ఎంత ఖరీదో నాకు తెలుసు.

పెద్దగది నడుమ రసమట్టం పెట్టాను.
బుడగ రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంది.
"నేల సరిగ్గా ఉంది."

"లేదు" అంది లుత్సీనా.
బూట్లు విప్పింది.
సాక్సులతో నిలబడి కళ్ళు మూసుకుంది.
"ఎడమకి దిగుతోంది. వంటగది వైపు."

ఇరవై నాలుగేళ్ళు పట్టాల మీద బతికిన మనిషి.
ఊరు ఏ మలుపు దగ్గర ఎంత ఒరుగుతుందో
వెన్నెముకతో చదువుకున్న మనిషి.
రెండు మీటర్ల బద్ద తెచ్చి
దాని మీద మళ్ళీ మట్టం పెట్టాను.
ఈసారి బుడగ కదిలింది.
దొంగతనం ఒప్పుకుంటున్న పిల్లాడిలా, నెమ్మదిగా.
ఎనిమిది మిల్లీమీటర్లు.

పన్నెండేళ్ళుగా ఇదే నా కూడు.
నా చెవులు వేడెక్కాయి.
"రాసుకో" అన్నాను యెరెమితో, అవసరంకన్నా గట్టిగా.

"రాయొద్దు" అందామె.
"నెలాఖరుకి నా అద్దెగది ఖాళీ చెయ్యాలి.
ఈ నేల తవ్వి మళ్ళీ పోస్తే ఆరువారాలు ఆరాలి."
అది మీ హక్కు, చట్టం ఉంది, నేనున్నాను,
ఏదేదో చెప్పాను.
ఆమె బూటు తాడు కట్టుకుంటూ వింది.
"ఇన్నేళ్ళూ నేల ఒరిగిన చోటల్లా బ్రేకు పట్టాను.
ఇక్కడ ఒరిగితే ఒరగనీ."

నా కాపీలో మాత్రం రాశాను:
ఎనిమిది మి.మీ., వంటగది వైపు.
పక్కన 'చర్య' అన్న గడి ఖాళీగా వదిలేశాను.
అలా వదలడం నాకు అలవాటు లేదు.

వెళ్ళబోతుంటే జేబులోంచి ఉక్కు గోళీ తీసింది,
డిపో మెకానిక్ ఎప్పుడో ఇచ్చిన పాత బేరింగుది.
కిటికీ కింద వదిలింది.
కాసేపు అది ఆలోచించింది.
తర్వాత బయల్దేరింది, చిన్న గరగర శబ్దంతో,
ఆ ఇంట్లో నడిచిన మొదటి అద్దెదారులా.
యెరెమి కలం మూసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం, ఎందుకో.

వంటగది దాకా పోలేదు.
సిమెంటు గరుకు ఒకటి అడ్డం తగిలి
నడిగదిలో ఆగిపోయింది.

"స్టాపు" అంది లుత్సీనా.
సుద్దముక్క కోసం నా సంచీ వైపు చెయ్యి చాపింది.
"బల్ల ఇక్కడ."