డ్రిల్లు శ్రుతి

బ్రాడీపేట నాలుగో లైన్లో బోర్డు ఇప్పటికీ ఉంది:
షే అండ్ సన్స్, చైనా పళ్ళ వైద్యులు.
సన్స్ ఎవరూ మిగల్లేదు. ఉన్నది మనవరాలు.
నేను కాంపౌండర్ని, మస్తాన్ వలిని,
ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ దవడలన్నీ ప్లాస్టరులో పోసినవాణ్ణి.
సంగీతం గురించి నాకు తెలిసిందల్లా
ఒక మోటారూ ఒక పిల్లా చెప్పినంత.

యూలన్‌కి అప్పుడు ఆరేళ్ళు.
డ్రిల్లు తిరుగుతుంటే పేషెంట్లు కుర్చీ చేతులు పట్టుకు వేలాడేవాళ్ళు,
అది గడప మీద కూచుని దానితోపాటు కూనిరాగం తీసేది.
"మస్తానన్నా, తాత కాలు తీస్తే
పాట కిందికి జారుద్ది, విను."
విన్నాను. నిజమే.
పదిహేనేళ్ళుగా నా చెవి పక్కనే జారుతోంది.

షే డాక్టరు మాటలు పొదుపు.
అరవై రెండులో వారం వారం స్టేషన్‌కెళ్ళి సంతకం పెట్టి,
ఆ సంతకం పెట్టించుకున్న ఎస్సైకే
సాయంత్రం జ్ఞానదంతం పీకిన మనిషి.
మనవరాల్ని నా సైకిలెక్కించి
అరండల్‌పేట అద్దంకి పేరయ్య మాస్టారి దగ్గరికి పంపాడు,
ఫీజుకి బదులు ఒక కట్టుడుపళ్ళ సెట్టు.
పోసింది నేనే.
అప్పటిదాకా మాస్టారు "స" అంటే "ష" అని వినపడేది.

ఏడాదిపాటు వట్టి కమానే.
తీగ మీద వేలు పెట్టనివ్వలేదు.
"అది గీతా, తెనాలి రోడ్డా? మళ్ళీ."
మార్చిలో మిర్చియార్డు గాలికి లైను లైనంతా దగ్గేది;
దగ్గొచ్చినా కమాను ఆగకూడదని మాస్టారి రూలు.
కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే
దాని కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు సాఫీగా నడిచేది.
ఎడమ వేళ్ళకి కొబ్బరినూనె. చివర్లు కాయలు కాశాయి.
ఫిడేలు తల ఆనే చీలమండ దగ్గర
చిక్కుడు గింజంత మచ్చ,
చెప్పు పట్టీ తగిలితే నొచ్చుకునేది, చెప్పేది కాదు.

తర్వాత పక్కవాద్యం బతుకు.
బాపట్ల, చీరాల, నరసరావుపేట,
పాడేవాళ్ళ పేరు అరచెయ్యంత, దీని పేరు ఆవగింజంత.
ఒకచోట యూలమ్మ, ఒకచోట ఉలన్,
ఒక పాంప్లెట్లో అసలు పేరే లేదు, వయొలిన్ అని ఉంది.
ఒక సెక్రటరీ అడిగాడు,
"చైనా నుంచి ఎప్పుడొచ్చారమ్మా?"
"ఇందాకే, ఆరున్నర పాసింజర్లో."

తాత పోయిన ఏడు, బెజవాడ గవర్నరుపేటలో కచేరీ.
కేసు మోయడానికని నేనూ వెళ్ళాను.
పాడే ఆయన గంటసేపు ఇటు తిరిగి చూడలేదు.
తోడి తీసి, పైకెక్కి, అలసిపోయి,
మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ
"ఊఁ, వాయించమ్మా" అన్నాడు.

ప్లాస్టరు గట్టిపడటానికి ఎంతసేపు పడుతుందో నాకు వాచీ అక్కర్లేదు.
అంతసేపు వాయించింది.
ఆయన గ్లాసు పెదాల దాకా పోలేదు.
చివర్లో ఎక్కడో పై స్వరం మీద నిలబడి,
నిలబడి,
మెల్లగా వదిలేసింది కిందికి
కాలు తీసేసినట్టు.

పక్క కుర్చీ ఆయన "గమకం చూశారా!" అన్నాడు.
నేను చూసిందేమిటో ఆయనకేం చెప్పను?
క్లినిక్కులో ఆ మోటారు మీద నేనే దుప్పటి కప్పాను.
ఇక్కడ అది తిరుగుతోంది.

కవర్లో రెండొందల యాభై.
యాభై తీగెకి, పది వేరుశనక్కాయలకి.
రాత్రి బండి కృష్ణ బ్రిడ్జీ ఎక్కి
ఇనుమంతా ఒక్కసారి మోగింది.
యూలన్ పొట్టు ఊదడం ఆపి
తల పక్కకి వంచింది, ఆరేళ్ళప్పటిలాగే.
"మన మోటారు కంటే అరస్వరం తక్కువ, అన్నా."
నేను కాయ ఒలుస్తూ విన్నాను.
నిజమే అనుకుంటా.