బల్ల మీద రాసేది నేనే

లాకుల దగ్గర, నా సైకిల్ షాపు పక్కగోడకి
మూడడుగుల మేర నల్లరంగు కొట్టించింది మా మావయ్య.
పంక్చర్ల బాకీలు రాద్దామని ఆయన ఊహ.
బాకీలైతే జనం మొహం తిప్పుకుని పోయారు గానీ
మేక తప్పిపోయిందంటే మాత్రం
ఊరు ఊరంతా ఆగి చదివింది.

అప్పట్నించీ అది అందరి గోడ.
పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తాను.
షాపు తీసేసరికే ఎవరో ఒకరు నిలబడి ఉంటారు,
"కాస్త రాసిపెడుదూ, నావి కోడి కెలికిన అక్షరాలు."

నిన్నటి బల్ల:
కొబ్బరి దింపుకి మనిషి కావలెను. చెట్లు పొడుగు. భోజనం పెడతాం.
కుడుపూడి వారి కోడలికి ఓ నెగెటివ్ రక్తం. అమలాపురం ఆస్పత్రి. ఈ పూటే.
మీరాబీ గారి మిషను బాగయింది, మళ్లీ కుడుతున్నారు.
బాతులు పదకొండు మా చేలో దిగాయి.
బాతులు మీవి, గుడ్లు మావి. వచ్చి తోలుకుపోండి.

దాని కింద ఎవడో ఇటుకముక్కతో
"అదేం న్యాయం?" అని రాసిపోయాడు.

వేసవిలో ఒక్కసారి లాకు సూపర్నెంటు గారు
స్వయంగా వచ్చి సుద్ద అడుగుతారు:
ఫలానా తారీకున కాలువ కట్టేస్తారు. చెరువులు నింపుకోవలెను.
ఆ ఒక్క మాటా నీళ్లు తిరిగొచ్చేదాకా తుడవను.

వరద రోజుల్లో మాటలుండవు.
ధవళేశ్వరం దగ్గర ఎన్నడుగులో, ఆ అంకె రాస్తాను,
తుడుస్తాను,
పెద్దంకె రాస్తాను.

పోయిన శ్రావణంలో గోదారి లంకలోకి వచ్చి
వంటిళ్లలో నాలుగు రోజులు కూర్చుని
వెళ్తూ వెళ్తూ గిన్నెలు పట్టుకుపోయింది.
తీరా చూస్తే
యేసుపాదం గంగాళం ఎవరి అరటితోటలోనో బోర్లా,
ఒకరి చట్టి మీద ఒకరి మూత,
మా ఇంట్లో ఎవరిదో గరిటె.

మనవాళ్ల సామాన్లకి పేర్లుంటాయి కదా,
కొన్నరోజే కొట్లో టకటకా చెక్కిస్తారు.
ఆ పేర్లే బల్లకెక్కించాను. తొమ్మిది సుద్దలు అరిగాయి.
నల్లా పుల్లమ్మ, గ్లాసులు రెండు.
మట్టపర్తి గంగరాజు, కేరేజీ. పైగిన్నె లేదు.
పి.ఎస్., కుంచం.
పి.ఎస్.లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ తమదే అన్నారు.
సొట్ట ఎక్కడుందో చూడకుండా చెప్పినావిడ పట్టుకెళ్లింది.

గట్టు తగాదాతో ఆరేళ్లుగా మాటల్లేని రెండిళ్ల వాళ్లు,
వీళ్ల పళ్లెం వాళ్లూ, వాళ్ల పళ్లెం వీళ్లూ,
చీకటి పడ్డాక తెచ్చి బల్ల కింద పెట్టి వెళ్లారు.
చింతపండు పెట్టి తోమి మరీ.
నేను చూశాను.
రాయలేదు.

చివరికి ఒక ఇత్తడి బిందె మిగిలింది.
మెడ చుట్టూ అక్షరాలు: శీలం వీరభద్రమ్మ 1974.
పదకొండు రోజులు వరసగా రాశాను.
పన్నెండో పొద్దున తడిగుడ్డతో వెళ్తే
కింద కొత్త చేతిరాత, నీలం సుద్ద:

"మా దొడ్డమ్మ. పోయి చాలా కాలమైంది.
మేం ఏటి అవతలికి వచ్చేశాం.
బిందె అక్కడే ఉంచండి.
ఆవిడకి చుట్టూ జనం ఉండాలి."

ముక్కాలిపీట వేసి నీళ్లు పోశాం.
ఇప్పుడు చదువు రానివాళ్లు కూడా బల్ల దగ్గర ఆగుతున్నారు.
"వీరభద్రమ్మ గారున్నారా?" అంటారు మూత ఎత్తుతూ.
"సగం వరకూ ఉన్నారు" అంటాన్నేను, చైను బిగిస్తూ.

ఇవాళ రక్తం దొరికింది, ఆ లైను తుడిచేశాను.
దింపుకి ఇద్దరొచ్చారు.
బాతుల మనిషి అయిపు లేడు.
గుడ్లు, ఈ పూటకి, ఏడు.