దగ్గు

ఆ పాట ఎక్కడ పుట్టిందని ఎవరెవర్నో అడుగుతున్నారు.
మైకు పట్టుకున్న చెయ్యి నాది. నన్నడగాలి.

యాభై తొమ్మిది. రోహిణీ కార్తె.
గుంటూరు పట్నంబజారు వెనకాల
పానకాలు గారి మిరపకాయల గోడౌను.
స్టూడియో అంటే మద్రాసు, మద్రాసంటే డబ్బు.
మా దగ్గరున్నదల్లా
మిషనాసుపత్రి దొర ఓడెక్కుతూ తెగనమ్మిన టేపు పెట్టె.
"గోడలకి బస్తాలు పేరిస్తే
శబ్దం తిరిగి రాదు" అన్నాడు ప్రభుదాసు.
నిజమే, రాలేదు.
ఘాటొచ్చింది.

గిటారు ప్రభుదాసుది,
బెజవాడ రైల్వే క్వార్టర్సులో ఒక గార్డు దగ్గర
పేకాటలో గెలిచింది.
డప్పు ఇమాంసాది.
గొంతు ఏసుపాదంది: ఆదివారం చర్చిలో కీర్తన,
మిగతా రాత్రులు సిలోను స్టేషను గరగరల్లోంచి
ఏరుకున్న దొరల ఊపు.
ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.
నడుముకి మాత్రం అర్థమయ్యేది.

పాట మాత్రం
తొడిమలు తీసే రూతమ్మది.
ముక్కుకి కొంగు చుట్టుకుని
నలభై మంది ఆడాళ్ళు వరసగా కూచుంటే
ముందు ఆమె ఎత్తుకునేది:
"తుంచవే తుంచు, తొడిమ తుంచు
కళ్ళు మండితే గొంతు పెంచు"
నలభై చేతులు చిటుక్కుమనేవి,
ఒకటి మీద కాదు,
రెండు మీద, నాలుగు మీద.
ఏసుపాదం గుమ్మంలోనే నిలబడిపోయాడు.
"ఒరే, రేడియోలో వచ్చేది ఇదేరా" అన్నాడు.

బళ్ళు ఆగాక, రాత్రి పదింటికి మొదలెట్టాం.
"ఆడాళ్ళు బయటుండండి, చప్పుడవుద్ది"
అన్నారు పానకాలు గారు.
ఎవరి పాటకి ఎవరు చప్పుడో
అప్పుడు నాకు తట్టలా.
రూతమ్మ తలుపవతల మెట్టు మీద కూచుంది.

మొదటిసారి ఏసుపాదం తుమ్మాడు.
రెండోసారి ఇమాంసా.
మూడోసారి నేనే, నెత్తిన ఒక మొట్టికాయ పడింది.
ఇంక ఒక్కసారికే టేపుంది.
నాలుగోసారి ఎవరం ఊపిరి తియ్యలేదు.
రెండో చరణం అయింది. గిటారు ఆగింది.
ఒక్క దెబ్బ మౌనం.
ఆ సందులోకి
తలుపు కిందనించి వచ్చింది,
పొడిగా, ఎండుకాయ పగిలినట్టు
దగ్గు.

ఇమాంసా దాన్నే దెబ్బనుకుని అందుకున్నాడు
అర మాత్ర ముందుగా.
ఏసుపాదం ఎగిరి పట్టుకున్నాడు,
కదిలే బస్సుని పట్టుకున్నట్టు.
అప్పుడే కరెంటు డల్లయింది.
బల్బు ఎర్రబడింది, టేపు నీరసంగా తిరిగింది.
తెల్లారి పెట్టి వింటే
చివరి చరణం తోక తొక్కిన పిల్లిలా పరిగెత్తింది.
ఆ వేగం పట్టబోయి
తర్వాత ఎంతమందో రొప్పారు.
అది మా వేగం కాదు బాబూ,
కరెంటాఫీసుది.

కలకత్తా నుంచి మూడొందల రికార్డులు వచ్చాయి.
లేబులు మీద ఏసుపాదం పేరు,
దాని మీద ఇంకా పెద్దక్షరాల్లో పానకాలు గారు.
రూతమ్మకి ఆ రోజు కూలీ కాక ఒక రూపాయి.
బ్రాడీపేట కాలేజీ కుర్రాళ్ళు
ఆ సందు రాగానే అందరూ కలిసి దగ్గేవాళ్ళు.
అదో సరదా.

ఆమె మొదటిసారి విన్నది
కొత్తపేటలో ఎవరిదో పెళ్ళి మైకులో.
పక్కన నేనూ ఉన్నాను.
తన మాటలు వచ్చాయి, ఊరుకుంది.
తన వరస వచ్చింది, ఊరుకుంది.
ఆ సందు వచ్చింది.
"ఓరి మీ దుంపతెగ, అది నేనేగా!" అని
నవ్వింది. నవ్వుతూ మళ్ళీ దగ్గింది.
ఈసారి తొందరగా ఆగలేదు.

ఆ తర్వాత రెండు మిరప కోతలు చూసింది, అంతే.

నా దగ్గర ఒక రికార్డు ఉంది, అంచు విరిగింది.
ముల్లు పెడితే పాటంతా అరిగిన ఇసుక.
ఆ ఒక్క చోట మాత్రం
తలుపవతల ఎవరో కూచున్నట్టే ఉంటుంది.

"కంప్యూటర్లో శుభ్రం చేయిస్తా తాతా,
దగ్గు కూడా తీసేస్తారంట" అంది మా మనవరాలు.

బీరువాలో పెట్టి తాళం వేశాను.
తాళం చెవి ఎక్కడ పెట్టానో
అడిగితే మర్చిపోయానని చెబుతున్నాను.