ఆపక్కోవ్

రాత్రి ఒకటిన్నర. చిత్తూరు బైపాసులో
మా గుజ్జు ఫ్యాక్టరీ బెల్టు ఆపినారు,
అరగంటే, కూలిలో కోత లేదన్నారు.
వాచ్‌మన్ గది టీవీ
తోతాపురి ట్రేల మీదికెక్కింది.

మునిలక్షుమ్మ చెల్లెలి కూతురు వల్లీశ్వరి
దేశం తరఫున పాడతా ఉంది.
ఏ ఊరో అది, పేరుకు మా నోరు తిరగలేదు.
ఆ పిల్ల పక్కన అగ్గిపెట్టెంత మన జెండా.

పాట మూడు నిమిషాలే.
రెండున్నర నిమిషాలు మాకేమీ తెలీలేదు,
గౌను బాగుందనుకున్నాం.
ఆఖర్లో వాయిద్యాలన్నీ నిలిపేసి
ఒక్క కూత లాగింది చూడు,
నిరుడు రెడ్డెమ్మ కొంగు రోలరుకు చిక్కినప్పుడు
ఈ కొసనించి ఆ కొసకు లాగిన కూత.
ఆపక్కోవ్...
శ్రుతి గూడా మార్చలేదు.

రెడ్డెమ్మ కొంగు పట్టుకునింది.
స్విచ్చు కాడ గోవిందమ్మ చెయ్యి
దానంతటదే పైకి లేచింది,
ఆగిపోయిన బెల్టును ఆపడానికి.

ఎవురి దేశానికి వాళ్లు ఓటెయ్యకూడదంట.
సొన తుడుచుకుని తీసిన ఫోన్లు
మళ్లీ రొంటిన దోపుకున్నాం.
చెంగమ్మ మాత్రం, ఊరికే ఎందుకు పోనీయాలని,
చెప్పుల్లేకుండా పాడిన ఇంకో దేశం పిల్లకేసింది.

ఇరవై ఆరులో పంతొమ్మిది.
లెక్క తేలేలోపే లారీ తూకానికొచ్చింది,
బెల్టు కదిలింది.

తొక్కు తీస్తా తీస్తా మునిలక్షుమ్మ అడిగింది:
"అంతమంది విన్నారు గదా,
ఎవురన్నా, యాడన్నా, ఏమన్నా ఆపినారా?"