అర సెకండు

ఆదోనిలో రాత్రి పదకొండున్నరకు
జిన్నింగు మిల్లులు ఊపిరి విడిచినాక
గాల్లో మిగిలిన దూది
మా కేబుల్ ఆఫీసు ట్యూబులైటు చుట్టూ తిరిగేది.
మిద్దె మీద మూడు డిష్షులు.
కింద ఇరుకు గది, రిసీవర్ల వేడి,
ఒక మంచి కుర్చీ, ఒక కాలు విరిగిన కుర్చీ.
విరిగిన కాలికి ఇటుకలు పెట్టినాం.
ఇటుకల కుర్చీ మద్దిలేటిది.
స్తంభాలెక్కి దిగి వచ్చేవాడు, చేతుల నిండా రాగి వాసన.

ఆ వేళకు వచ్చేది అంతరిక్షపు సీరియలు,
తెలుగులోకి దించినది.
పచ్చ తోలు మనుషులు, మూడు చందమామల ఊరు,
కోస్తా తెలుగులో కేకలేసే సేనాపతి.
ఓడ నడిపేవాడొకడు. ఓడలో వైద్యుడొకడు.
వైద్యుడు అతని చెంప మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు.
మాకు వినబడింది:
"అన్నయ్యా, జాగ్రత్త."

మద్దిలేటి బీడీ ఆర్పేసినాడు.
"పెదాలు సూడప్పా.
అన్నయ్యా అంటే పెదాలు కలుస్తాయా?
వానివి రెండుసార్లు కలిసినాయి."
ఆగిపోయిన మానిటరు నల్లగాజులో
తానే ఆ మాట అని, మళ్ళీ అని, చూసుకున్నాడు.

తర్వాత ఇద్దరూ దగ్గరికి జరిగినారు.
అంతలో తెర తెల్లగా ఎగిరింది,
అర సెకండు.
చూస్తే వైద్యుడు వరండాలో ఒంటరిగా నడుస్తా ఉన్నాడు.
ఎవరో ఎక్కడో కత్తెరేసినారు.
ఆ అర సెకండులోకి మేమిద్దరం
వారానికొకసారి పోయి కూచునేవాళ్ళం.
అంతకన్నా పెద్ద గది మాకు దొరకలేదు.

ఓడ నడిపేవానికి మునుపొక ఆడమనిషి మీద మనసుండేది.
"వీనికి నిలకడ లేదు"
ఓనరు రుద్రగౌడు వక్క నములుతా తీర్పు చెప్పినాడు.
నేను తల ఎత్తలేదు.
ఇంట్లో నాగవేణి ఉగ్గాని కలిపి మూత పెట్టి ఉంటుంది.
ఆమె మీద నాకున్నది అబద్ధం కాదు.
మిద్దె మీద నడిమి డిష్షుకు రెండు మూతులు బిగించింది నేనే,
రెండు ఉపగ్రహాలను ఒక్కటే పట్టేది.
దానికి నిలకడ లేదని
ఊళ్ళో ఎవరూ అనలేదు.

చివరి ఎపిసోడులో వైద్యుడు చచ్చిపోయినాడు.
మద్దిలేటి లేచి నిలబడినాడు.
"పచ్చతోలోనికి పెండ్లాం బిడ్డలుండారు.
ఆరు కాళ్ళదానికి సీమంతం చేసినారు.
వీళ్ళిద్దరూ బతికుంటే ఏమప్పా,
ఆకాశంలో జాగా తక్కువైతాదా?"
ఇటుకలు జారి కుర్చీ పడింది.
ఆ ఎండాకాలమే వాడు బళ్ళారి పోయినాడు, టవర్ల పనికి.

ఇరవై ఏండ్లు.
ఆ గదిలో ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముతారు.
మొన్న మా పాప ఫోనులో అదే ఓడ,
కత్తిరించనిది, వాళ్ళ గొంతులతోనే.
చెంప మీద చెయ్యి. పెదాలు రెండుసార్లు కలిసినాయి.
కింద తెలుగులో ఎవరో రాసినారు:
"నా మనిషీ, జాగ్రత్త."
జాగ్రత్త మాత్రం మార్చలేదు.

తెల్లగా ఎగరాల్సిన చోట తెర ఎగరలేదు.
ముద్దు పెట్టుకున్నారు, మామూలుగా,
ఎక్కువ సేపేం కాదు.

"ఏంది నాయనా, ఏడుస్తాండావా?"
కంట్లో దూది పడిందన్నాను.
ఇది మిల్లులాడే నెల కాదని పాపకు తెలుసు.
పొయ్యి కాడి నుంచే నాగవేణి అంది:
"మళ్ళా ఒకసారి పెట్టు."

రాత్రి, పాత బళ్ళారి నెంబరుకు
ఎపిసోడు సంఖ్య, నిమిషం, సెకండు రాసి పంపినాను.
ఇంకేమీ రాయలేదు.
ఒక టిక్కు పడింది.