మా జిల్లా పేరున్న మాట

పిరయస్ బడిలో పరీక్ష కాగితం మీద
ప్రతి ప్రశ్న చివరా ఒకటే మాట:
"లకోనికా."
అంటే, ముక్తసరిగా రాయమని.
అంటే, మా లకోనియా వాళ్ళలా రాయమని.

"నీకు వేరే చెప్పాలా, అది మీ సొత్తేగా!"
అనేవారు వ్రెత్తోస్ మాస్టారు.
క్లాసంతా నా వైపు తిరిగి నవ్వేది.
నేను నాలుగు పేజీలు నింపి
ఇంకో కాగితం అడిగేవాణ్ణి.

ఏం చెయ్యను, పదేళ్ళదాకా నన్ను పెంచింది కనెల్లా నాయనమ్మ.
గిథియో రేవులో, ఆక్టోపస్‌లు తీగ మీద ఆరేసే చోట కూర్చుని
తప్పిపోయిన మేక కథ ఎత్తుకుందంటే
మేక తల్లి, దాన్ని అమ్మినవాడు, వాడి మూడో పెళ్ళి,
ఆ పెళ్ళిలో ఉప్పు కషాయమైన పులుసు...
కాఫీ చల్లారి, మళ్ళీ కాగి, మళ్ళీ చల్లారేది గాని
మేక మాత్రం ఇల్లు చేరేది కాదు.

మా వైపు రొట్టె ధర అడిగితే ముందు వానల సంగతి చెబుతారు.
బస్సు కండక్టరు టికెట్టు చింపేలోపు
దిగాల్సిన చోటు దాటిపోతుంది.
ఎప్పుడో కత్తులు పట్టినవాళ్ళు
మాటలు పొదుపు చేశారట.
వాళ్ళు కూడబెట్టిందంతా
మేం కూర్చుని ఖర్చుపెడుతున్నాం.

ఫిబ్రవరిలో జానెతోస్ చిన్నాన్న పడవ తిరిగి రాలేదు.
మూడోనాడు
తెడ్డు ఒక్కటే వచ్చింది.

నేను బస్సు దిగేసరికి
మనిషి లేని మంచం పక్కన
నల్లగుడ్డ తలకు చుట్టుకుని నాయనమ్మ శోకం అందుకుంది.
మా వైపు చావుపాటలు రాత్రికి రాత్రి సరిపోవు.
చొక్కాకి తెగిన మూడో గుండీ,
మంగలికి బాకీపడ్డ చిల్లర,
అయిదో ఏట మింగిన ఆలివ్ గింజ,
దానికోసం రెండ్రోజులు అందరూ ఎదురుచూడటం,
ఒక్కటీ వదల్లేదు.
పొట్టిగా పాడితే
పొట్టిగా బతికాడనుకుంటారట.

తెల్లవారేసరికి గొంతు పోయింది.
పిన్ని ముందు గిన్నె జరిపి
"తిను" అంది.

పిన్ని తింది.

బళ్ళో సెలవుచీటీ అడిగారు.
కారణం అన్న చోట
"సముద్రం" అని రాసిచ్చాను.

మాస్టారు దాని కింద ఎర్రగీత గీసి
చీటీ తిరిగి నా చేతిలో పెట్టారు:
"వివరంగా రాయి."